గీత లేని చీటీ

ఆన్సెల్మ్ తిబోదో బూట్ల మీది మంచు కూడా దులుపుకోకుండా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“నా సినిమా ఎవరో మాయం చేశారమ్మా.”

ప్రైవేటు డిటెక్టివ్ కొలెట్ మార్షిల్డన్ కాఫీ కప్పు ఆయన ముందుకు జరిపింది. ఆమె సహాయకుడు డెస్మండ్ నోటుబుక్కు తెరిచాడు. అది 1975 ఫిబ్రవరి, మాంట్రియల్.

1947లో ఆన్సెల్మ్ ‘నది కరిగిన రోజు’ తీశాడు. ఒకే సెట్లో పొద్దున ఫ్రెంచి నటులతో ఆయన తీసేవాడు. మధ్యాహ్నం ఇంగ్లీషు నటులతో ఆయన ప్రాణస్నేహితుడు విల్‌ఫ్రెడ్ హాస్కెట్ తీసేవాడు. ఇంగ్లీషు సినిమా దేశమంతా ఆడింది; దాని ప్రింటొకటి విల్‌ఫ్రెడ్ ఇంట్లోనే దాచుకున్నాడు. ఫ్రెంచిది వారం ఆడి మూలపడింది. మిగిలిన ఒకే ఒక్క ప్రింటును ఆన్సెల్మ్ మరుసటేడు ఐదు డబ్బాల్లో పెట్టి, మూతల మీద చీటీలంటించి, పాత సినిమాలు భద్రపరిచే భాండాగారానికి అప్పగించాడు. రెండింటినీ పక్కపక్కన ప్రదర్శిద్దామని నిన్న తెరిస్తే, ఐదింట్లోనూ ఇంగ్లీషు సినిమాయే ఉంది.

“చీటీలు చిరిగాయా?”

“లేదమ్మా. నేను అంటించినట్టే ఉన్నాయి.”

భాండాగారం చూసుకునే లూసీల్ బ్రసార్ వాళ్లను చూడగానే మొహం ముడుచుకుంది.

“తాళాలు నా దగ్గరుంటాయి కాబట్టి దొంగని నేనేనా?”

“ఈ ఏడాది లోపలికి ఎవరెవరు వచ్చారు?” అంది కొలెట్.

“ఆన్సెల్మ్ గారు, విల్‌ఫ్రెడ్ గారు. వేరువేరుగా వచ్చారు. ఇద్దరినీ ఓ పూటంతా వదిలేశాను. అంతటివాళ్లకి కాపలా కూర్చుంటానా?”

కొలెట్ చీటీని అక్షరం పొల్లుపోకుండా రాసుకోమంది. డెస్మండ్ రాసుకున్నాడు: సినిమా పేరు, 1948, ఆన్సెల్మ్ ఇంటి చిరునామా, మాంట్రియల్, హెచ్2ఎల్‌తో మొదలయ్యే పోస్టల్ కోడ్. అన్నీ టైపు చేసినవే. ఊరి పేరులో ఒక అక్షరం నెత్తిన ఫ్రెంచివాళ్లు పెట్టే గీత లేదు. లూసీల్ టైపు మిషనులో ఆ గీత ఉంది. ఆన్సెల్మ్ మిషనులోనూ ఉంది.

ఆ సాయంత్రం విల్‌ఫ్రెడ్ తలుపు నవ్వుతూ తీశాడు. వచ్చేవారం ఒట్టావాలో ఆయనకు పెద్ద సన్మానం. దేశపు సినిమాకు తొలి దారి వేసినవాడని బిరుదు. బల్ల మీద ఉపన్యాసం టైపు మిషనులో సగంలో ఉంది.

“పాపం ఆన్సెల్మ్,” అన్నాడు. “వాడి గుండె పగిలి ఉంటుంది.”

కొలెట్ ఆ మిషను మీటల వైపు ఒకసారి చూసి, శెలవు తీసుకుంది.

మర్నాడు భాండాగారంలోని చిన్న హాల్లో అందరినీ కూర్చోబెట్టింది.

“ఈ ఊరికి పోస్టల్ కోడ్ వచ్చి మూడేళ్లు కూడా కాలేదు. 1948 నాటి చీటీ మీదికి అదెలా వచ్చింది? ఎవరో పాతది పీకి, కొత్తది టైపు చేసి అంటించారు. ఊరి పేరు మీద గీత లేదు, ఎందుకంటే ఆ మిషనులో అది లేదు. అది ఇంగ్లీషు మిషను. ఇక డబ్బాల్లోకి వచ్చిన ఇంగ్లీషు ప్రింటు. అలాంటిది సొంతంగా ఇంట్లో దాచుకున్నది ఒక్కరే. అవునా, విల్‌ఫ్రెడ్ గారూ?”

విల్‌ఫ్రెడ్ తల వంచుకున్నాడు.

“పక్కపక్కన వేస్తే తెలిసిపోయేది,” అన్నాడు. “నావని లోకం మెచ్చుకున్న షాట్లన్నీ పొద్దున వాడు తీసినవే. మధ్యాహ్నం నేను మక్కీకి మక్కీ దించాను.”

“ఫ్రెంచి ప్రింటు ఎక్కడ?”

“కాల్చేశాను.”

లూసీల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆన్సెల్మ్ నెమ్మదిగా లేచాడు. ముప్ఫై ఏళ్లుగా ఆయన ఈ స్నేహితుడితో ఇంగ్లీషులోనే మాట్లాడాడు, ఇతనికి ఫ్రెంచి ముక్క రాదని. ఆ రోజు మొదటిసారి ఫ్రెంచిలో మాట్లాడాడు.

“ఒట్టావా వాళ్లకి నీ పేరు రాసి పంపింది నేనేరా. ఆ సన్మానం నాకిస్తామంటే, వాడికివ్వండి అన్నాను. షాట్ల సంగతి నాకు అప్పుడే తెలుసు. నా స్నేహితుడు కదా అని ఊరుకున్నాను.”

కోటు వేసుకుని బయటికి నడిచాడు.

“ఏమన్నాడు?” విల్‌ఫ్రెడ్ డెస్మండ్ చెయ్యి పట్టుకున్నాడు. “నీకు అర్థమవుతుంది కదా బాబూ, ఏమన్నాడు వాడు?”

డెస్మండ్‌కు ప్రతి మాటా అర్థమైంది. మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

“ఆయన్నే అడగండి,” అన్నాడు.