జిలానీ బాషా స్టూడియోలో రాత్రిపూట పడే స్వరాలు

దుబాయ్‌లోని అల్ వర్సాన్‌లో గోదాముల వరస చివర, పదకొండో నంబరు దగ్గర ఇషా నమాజు దాటాక ఎవరూ ఆగరు. లేబర్ క్యాంపు బస్సుల డ్రైవర్లు కూడా అక్కడికి రాగానే కాస్త గబగబా పోనిస్తారు. ఎందుకని అడిగితే, కట్టేటప్పుడు మనిషి పడ్డాడని ఒకరంటారు, అసలు కట్టకముందే పడ్డాడని ఇంకొకరంటారు. ఎవరు పడ్డారో మాత్రం ఎవరికీ తెలియదు. పేరు పాడవడానికి అంత వివరం అక్కర్లేదు కదా!

అద్దె తక్కువని కడప జిలానీ బాషా అందులో స్టూడియో పెట్టాడు. రేడియో ప్రకటనలు, పెళ్లి పాటలు చేసేవాడు. 2007 జనవరిలో ఆయన నుంచి కరామాలో ఒక ఆఫీసుకి ఫిర్యాదు వచ్చింది. ఆ ఆఫీసు వాళ్లు పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్ అమ్ముతారు. కొన్నవాళ్లకి ఏ చిక్కొచ్చినా తీర్చడం కాకినాడ నుంచి వచ్చిన మురళీ ఉద్యోగం. ఇదంతా తర్వాత ఆ మురళీ చెప్పిందేనట.

ఫిర్యాదు చిన్నదే: "మీ సాఫ్ట్‌వేర్‌లో దెయ్యం ఉంది. దయచేసి తీసివేయగలరు."

మురళీ ఫోన్ చేశాడు.

"నేనేం తాగి రాయలేదప్పా," అన్నాడు బాషా. "రాత్రి పదికి తాళమేసి పోతా. పొద్దున వచ్చి చూస్తే పాటలో కొత్త స్వరాలు పడుంటాయి. వాచ్‌మన్‌ని అడిగితే రాత్రంతా చప్పుడే లేదంటాడు. చప్పుడు లేకుండా వాయించేదెవరప్పా?"

మురళీ తనకి తెలిసిన వైద్యమంతా చేశాడు. సాఫ్ట్‌వేర్ తీయించి మళ్లీ వేయించాడు. వైరస్ వెతికించాడు. చివరికి కంప్యూటరే మార్పించాడు. స్వరాలు మాత్రం పడుతూనే ఉన్నాయి.

ఎనిమిదో ఫిర్యాదుకి ముదీర్, అంటే ఆఫీసు మేనేజరు, పిలిచాడు. "రేపు పొద్దున ఎనిమిదింటికల్లా ఈ ఫిర్యాదు మూసెయ్. లేకపోతే నీ ఉద్యోగం ఖలాస్," అన్నాడు.

మురళీ ప్రొబేషన్ రేపటితో పూర్తవుతుంది. ఉద్యోగం ఖాయమైతేనే భార్య అనంతలక్ష్మికి వీసా. ఆవిడ కాకినాడలో పెట్టె సర్దుకుని నెల్లాళ్లయింది. దెయ్యమంటే మురళీకి భయం లేకపోలేదు. కానీ ఆ పెట్టె విప్పెయ్యమని ఆవిడకి చెప్పాలంటే ఇంకా భయం.

ఆ సాయంత్రం వాచ్‌మన్ డ్యూటీకి రాకముందే బాషా మురళీని లోపల పెట్టి తాళం వేసుకుని వెళ్లాడు. గాయకులు నిలబడి పాడే అద్దాల గదిలో మురళీ లైటార్పి కూర్చున్నాడు. అద్దానికి అవతల కీబోర్డు, దాని పక్కన కంప్యూటర్ వెలుగుతూ ఉంది. ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని బాషా దాన్ని ఎప్పుడూ ఆపడు.

పన్నెండయింది... ఒంటిగంటయింది... ఏసీ రొద తప్ప ఏమీ లేదు.

రెండుంపావుకి — తలుపు తెరుచుకుంది.

నెత్తి మీంచి దుప్పటి కప్పుకున్న ఆకారం. లైటు వేయలేదు. తిన్నగా వచ్చి కీబోర్డు ముందు కూర్చుంది. స్పీకర్ల సౌండు పూర్తిగా తగ్గించింది. తర్వాత కంప్యూటర్‌లో ఎర్ర మీట నొక్కింది.

తెర మీద గీతలు పడసాగాయి. ఒక్కో గీత ఒక్కో స్వరం... గదిలో మాత్రం చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

మురళీ లేచి అద్దాల గది తలుపు తీశాడు. అనంతలక్ష్మిని తలుచుకుని లైటు వేశాడు. "ఎవరది?" అన్నాడు.

దుప్పటి జారింది. వాచ్‌మన్ రాజలింగం — కోరుట్ల వైపు మనిషి, యాభై దాటినవాడు.

"అయ్యో సార్... సప్పుడు రాలేదు గద!" అన్నాడు.

సంగతేమిటంటే, రాత్రి ఏసీ చూడటానికని రాజలింగం దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది. ఊళ్లో భజనల్లో హార్మోనియం వాయించేవాడు. దుబాయ్ వచ్చాక దాని మొహం చూడలేదు. ఇక్కడ కీబోర్డు మెట్లు కనబడేసరికి చేతులు ఆగలేదు. చప్పుడు రానప్పుడు తప్పేముందనుకున్నాడు.

"మరి ఎర్ర మీట ఎందుకు నొక్కారు, పెద్దాయనా?"

"సేటు వాయించెటప్పుడల్ల గదే ఒత్తుతడు సార్. గది ఒత్తకుంటె పెట్టె నడువదనుకున్న."

మురళీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది రికార్డు మీట. సౌండు తగ్గించినా, ఏ మెట్టు నొక్కిందీ కీబోర్డు కంప్యూటర్‌కి చెబుతూనే ఉంటుంది.

"సేటుకు చెప్పకుండ్రి సార్. పనిలకెళ్లి తీసేస్తడు."

"చెప్పను. ఇక మీదట ఎర్రది నొక్కకండి, అంతే," అన్నాడు మురళీ. ప్రాణం లేచొచ్చింది. అనంతలక్ష్మి అప్పుడే విమానం ఎక్కేసినట్టు అనిపించింది.

"ఒక్కసారి ఇనవెట్టుండ్రి సార్," అన్నాడు రాజలింగం. "నేను వాయించింది నేనే ఎన్నడు ఇనలె."

మురళీ సౌండు పెంచి వినిపించాడు. నిదానమైన భజన వరస. దాని కింద మంద్రంలో ఇంకో వరస, తొణక్కుండా నడుస్తోంది. రాజలింగం కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"కింద వాయించేటిది ఎవరు సార్?"

"మీరే కదా. ఎడం చేత్తో."

"ఎడమ చెయ్యా? హార్మోనియంల ఎడమ చెయ్యి గాలి కొట్టెతందుకే సార్. నాకు దాంతోని వాయించుడే రాదు."

కీబోర్డు చెడి లేనిపోని స్వరాలు పంపుతోందేమో అనుకున్నాడు మురళీ. ఒక్కొక్కటీ తీసేసి చూడటం అతని పని పద్ధతి. కీబోర్డు నుంచి కంప్యూటర్‌కి వెళ్లే వైరు పీకి చేత్తో పట్టుకున్నాడు. ఎర్ర మీట తనే నొక్కాడు. "వాయించండి," అన్నాడు.

రాజలింగం కుడిచెయ్యి మెట్ల మీద నడిచింది. ఎడమచెయ్యి కీబోర్డు వెనక్కి పోయి, అలవాటు కొద్దీ లేని తిత్తిని ఒత్తుతోంది.

తెర ఖాళీగా ఉంది. మురళీ ఊపిరి వదిలాడు.

అప్పుడు... కింద, మంద్రంలో ఒక గీత పడింది. ఆగి — ఇంకొకటి.

రాజలింగం తెరవైపు చూశాడు. "నాది పడుతలేదు సార్. ఆయనది పడుతున్నది."

వైరు మురళీ చేతిలోనే ఉంది. రెండోసారి చూసుకున్నాడు — చేతిలోనే ఉంది.

చటుక్కున ఎర్ర మీట ఆపాడు. గీతలు ఆగాయి. బ్యాగులోంచి ఫిర్యాదు ఫారం తీశాడు. అందులో రెండే గడులు: సమస్య తీరింది, తీరలేదు. ఎర్రది నొక్కకపోతే ఏమీ పడదు. ఆ మాట అబద్ధం కాదు. 'తీరింది' దగ్గర టిక్కు పెట్టాడు. దాని తోక పక్క గడిలోకి కూడా కొంచెం పోయింది.

"పెద్దాయనా," అన్నాడు, పెదవులు మాత్రమే కదిలేలా. "లేవండి. బయటికి పోదాం."

రాజలింగం లేవలేదు. కుడిచెయ్యి మెట్ల మీద నడుస్తూనే ఉంది. మొహంలో భయం అన్నది లేదు.

"మీరు పోండ్రి సార్," అన్నాడు మెల్లగా. "దుబాయ్‌కచ్చి మూడేండ్లాయె, నాతోని కూసొని వాయించినోడు ఒక్కడు లేడు. పాట నడుమల ఇడిసి లేస్తె మంచిగుండది."