పొద్దున్నే దిగిపోయిన హెచ్చరిక

“నాలుగు కాగానే స్టేడియంలో అరవై వేల ఫోన్లు ఒకేసారి మోగుతాయి. మంటలు, తూర్పు గేటుకి పరిగెత్తండి అని. ఆ గేటు శత్రు ముఠా వాళ్ళు ముందే బిగించేశారు,” ఇయర్‌పీస్‌లో చీఫ్ అన్నాడు. “తొక్కిసలాట జరిగితే శవాలు లెక్కపెట్టుకోవడమే.”

కంట్రోల్ రూమ్‌లో ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ డేగ తేలిగ్గా నవ్వాడు. “కంగారొద్దు సార్. నాలుగింటికి ముందే టవర్లు ఆపేస్తా. సిగ్నల్ లేకపోతే మెసేజ్ ఎలా వస్తుంది? ద్రోహి కూడా దొరికింది. నెట్‌వర్క్ ఇంజనీరే.”

ఆ ఇంజనీర్ అతని సొంత అక్క. శత్రు ముఠా నుంచి మనవైపు వచ్చిన అందగత్తె నెమలి, ద్రోహి ఈమేనని చెవిలో చెప్పింది, ఇతగాడు నమ్మేశాడు. తోబుట్టువని వెనకేసుకొచ్చాడంటారేమోనని, ఇవాళ పొద్దున ఆమె ఆఫీసుకెళ్ళి, స్టాఫ్ అందరి ముందూ తనే బేడీలు వేశాడు. అప్పుడు అక్క ఒక్క మాటే అంది. “వాచీ పక్కకి జరిపి వెయ్యరా, గుచ్చుకుంటోంది.”

మూడూ యాభై. డేగ టవర్ల స్విచ్ మీద చెయ్యేశాడు.

“ఏం చేస్తున్నావురా?” బేడీలతో కూర్చోబెట్టిన పక్క గదిలోంచి అక్క కేక.

“టవర్లు ఆపుతున్నా.”

“ఒరేయ్ మొద్దూ! మ్యాచ్ టైమ్‌లో అందరూ ఒక్కసారే ఫోన్ తెరిస్తే నెట్‌వర్క్ ఉక్కిరిబిక్కిరవుతుందని, జనం ఇంట్లో వైఫై మీద ఉండగానే మ్యాపులూ హెచ్చరికలూ స్టేడియం యాప్‌లోకి దించేస్తాం. ఆ దొంగ మెసేజ్ కూడా పొద్దున్నే వాటితోపాటు దిగిపోయింది. సిగ్నల్ ఉన్నా లేకపోయినా నాలుగింటికి మోగుతుంది. టవర్లు ఆపితే చెరిపే దారి కూడా పోతుంది! పొద్దున్నుంచి మొత్తుకుంటున్నా, విన్నావా?”

డేగ స్విచ్ మీంచి చెయ్యి తీసేశాడు. టవర్లు ఆపమన్న సలహా ఎవరిది? నెమలిదే. బేడీల తాళంచెవి ఎవరికిచ్చాడు? నెమలికే. బూటు మడమలోని లేజర్ కట్టర్ తీశాడు. చార్జింగ్ లేదు. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

అక్కని చక్రాలున్న ఆఫీసు కుర్చీతో సహా కంప్యూటర్ ముందుకి తోసుకొచ్చాడు. ఆమె చేతులు వెనక్కి ఉన్నాయి. ఆమె చెప్పింది, అతను టైప్ చేశాడు. అంతవరకూ ఒక్క ముక్కా విననివాడు ఇప్పుడు ఒక్కో అక్షరం విన్నాడు.

“ఆగు! చెరిపేసే కమాండ్ అందరికీ ఒకేసారి పంపితే మళ్ళీ జామ్ అవుతుంది. స్టాండ్ తర్వాత స్టాండ్.”

ఉత్తరం. పడమర. దక్షిణం. ఇయర్‌పీస్‌లో నెమలి గొంతు గోముగా పలికింది. “ఆపేశావా డియర్?”

“ఆపేశా. పైకి రా, కలిసి వెళ్ళిపోదాం,” అన్నాడు. అక్క ముందు ఆ మాట అనాల్సి వచ్చినందుకు చెవులు కాలిపోయాయి.

తూర్పు స్టాండ్‌కి ఎంటర్ నొక్కేసరికి నాలుగింటికి ఇంకా రెండు సెకన్లే. నాలుగు అయింది. ఏ ఫోనూ మోగలేదు. ఎవడో గోల్ కొట్టినట్టున్నాడు, బయట జనం ఒక్కసారిగా అరిచారు.

అయిదు నిమిషాల్లో నెమలి వయ్యారంగా లోపలికొచ్చింది. డేగ తుపాకీ చూపించి తాళంచెవి లాక్కున్నాడు. అక్క చేతుల నుంచి తీసిన బేడీలే ఆమెకి వేశాడు.

అక్క మణికట్టు కమిలిపోయి ఉంది. డేగ తల ఎత్తలేకపోయాడు. “తప్పయిందక్కా...”

“ఇక్కడెవరున్నారని చెప్తున్నావు?” మణికట్టు రుద్దుకుంటూ అక్క అంది. “రేపు పదింటికి మా ఆఫీసుకి రా. స్టాఫ్ అందరూ వచ్చాక చెబుదువుగాని.”