రెక్కలో చెయ్యి

రెక్క లోపల ఓ మనిషి చెయ్యి కనిపించింది.

ఐదు వేళ్ళు. అరచెయ్యి. మణికట్టు దగ్గర తెగ్గోసినట్టు ఆగిపోయిన గీత. స్కానింగ్ మెషీన్ తెర మీద, బూడిదరంగు మధ్యలో నల్లగా, అచ్చు గుద్దినట్టు. కోడలు తెర మీదకి వంగింది.

ఆ ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మామగారూ మొగుడూ అదే షెడ్డులో పనిచేస్తారు గనక అందరికీ 'కోడలు' అయిపోయింది. తయారైన రెక్కల్ని స్కాన్ చేసి, లోపల బుడగలూ మడతలూ ఉంటే పట్టుకోవడం ఆమె ఉద్యోగం. "ఇంట్లో మొగుడి తప్పులు ఊరికే పడుతుంది, ఇక్కడ జీతం తీసుకుని పడుతుంది" అని షెడ్డులో జోకు.

సముద్రం మధ్యలో నిలబడే గాలిమర కోసం చేసిన రెక్క అది. మొదలు దగ్గర దాని గుండ్రంలో ఓ గది కట్టుకోవచ్చు. చివర ఎక్కడుందో చూద్దామంటే చూపు పోయి పోయి అలిసిపోతుంది. అక్కడ తుడుస్తున్న మనిషి అగ్గిపుల్లలా కనిపిస్తున్నాడు. రోజూ చూసేదే. అయినా పొద్దున్నే షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆమెకు ఒక్క క్షణం కాళ్ళు ఆగిపోతాయి. మనుషులు చేసిన వస్తువులా ఉండదది. సముద్రం తన కోసం తానే కని ఇక్కడ పడుకోబెట్టినట్టు ఉంటుంది.

ఆమె మెషీన్‌ని మళ్ళీ నెమ్మదిగా జరిపింది. చెయ్యి కాదు. చెయ్యికి మందం ఉండాలి. ఇది గుడ్డంత పలచన.

గ్లౌజు!

హమ్మయ్య అనుకుంది. మరుక్షణమే షిఫ్టుల పట్టిక గుర్తొచ్చింది. ఆ చోట గాజునార గుడ్డ పొరలు పరిచింది ఆమె మొగుడి షిఫ్టు. ఈ రెక్కను చూడ్డానికి కొనేవాళ్ళు వచ్చేది రేపు.

తెరను ఫోన్‌లో ఫొటో తీసుకుని, గేటుకు ఎదురుగా ఉన్న ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

* * *

"చెయ్యా?" టీ గుక్క మొగుడికి అడ్డం పడింది.

"గ్లౌజు. పొరల మధ్యలో. మీ షిఫ్టులోనే."

"నా షిఫ్టులో గ్లౌజులు లెక్కపెట్టి ఇస్తాం, లెక్కపెట్టి తీసుకుంటాం."

"అయితే అదే నడిచి వెళ్ళి పడుకుందంటారా?"

మామగారు కిటికీ పక్కన కూర్చుని టీ ఊదుకుంటున్నారు. ఊదుతూనే ఉన్నారు. తాగడం లేదు. అత్తగారు వంటింట్లోంచి గిన్నె చప్పుడు ఆపి చెవి ఇటు పడేసింది.

మొగుడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు. "విను. రిపోర్టు రేపు సాయంత్రం రాయి. వాళ్ళు చూసి వెళ్ళిపోయాక."

"ఏంటి మీరనేది?"

"ఈ రెక్క నచ్చితే సముద్రంలో వేసే కొత్త గాలిమరల తోట మొత్తం మనదే. నచ్చకపోతే ఇంకోడు ఇంకో పైసా తగ్గించి ఎగరేసుకుపోతాడు. వేలం వేలానికీ కరెంటు రేటు ఎలా దిగుతోందో నీకు తెలీదా?"

ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సముద్రం గాలితో చేసే కరెంటు ఒకప్పుడు డబ్బున్న దేశాల సరదా. ఇప్పుడు బొగ్గుతో ఢీ అంటే ఢీ అంటోంది. కిటుకంతా పొడవులోనే ఉంది. రెక్క పొడవైతే ఒక్క గాలిమరే పాతవి మూడు నాలుగు చేసే పని చేస్తుంది. సముద్రం అడుగున పునాదులు తగ్గుతాయి, కేబుళ్ళు తగ్గుతాయి, రిపేరుకు పోయే పడవలు తగ్గుతాయి. అలా తగ్గించుకుంటూ వచ్చి చివరికి షెడ్డులో చేతుల దగ్గర ఆగారు. గుడ్డ పరిచే మెషీన్ పెట్టెల్లో దిగి గేటు పక్కన కూర్చుంది. మనుషులు చేత్తో పరిచిన ఆఖరి రెక్క ఇదే.

"ఆ రెక్క పాతికేళ్ళు ఉప్పుగాలిలో తిరగాలండీ," అంది కోడలు. "లోపల గుడ్డముక్క ఉన్నచోట పొర విడిపోతే? నడిసముద్రంలో విరిగితే? ఒక్కటి విరిగిందంటే మన రెక్కలు ఇంకెవరు కొంటారు?"

"రాస్తే నా ఉద్యోగం పోతుంది. అది చెప్పు ముందు!"

"రాయకపోతే నా ఉద్యోగానికి అర్థం ఏముంది?"

"మొగుడి కన్నా రెక్క ఎక్కువైపోయిందన్నమాట!"

"గొంతు తగ్గించండ్రా, వీధిలోకి వినిపిస్తోంది," అంటూ అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏదీ, ఏంటా చెయ్యి? నాకూ చూపించమ్మాయ్."

అత్తగారూ ఆ ఫ్యాక్టరీ మనిషే. మొదటి రెక్క మీద గుడ్డ పరిచింది ఆవిడా, మామగారూ కలిసే. తర్వాత ఆవిడకు రెజిన్ పడలేదు. చేతులు బొబ్బలెక్కి, కళ్ళు వాచి, ఆసుపత్రి పాలైంది. ఇక జన్మలో ఆ జిగురు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి ఆవిడ గేటు దాటి లోపలికి వెళ్ళలేదు. షెడ్డు తలుపులు తీసి ఉన్నా అటు చూడనని పంతం.

కానీ కొత్త రెక్క అచ్చు దిగినప్పుడల్లా మామగారిని ఒక్క ప్రశ్న అడిగేది. "ఎంత పొడవయింది?"

ఆయన మీటర్లలో చెప్పేవారు కాదు. "మన గుమ్మం నుంచి వీధి కుళాయి దాకా," అన్నారు మొదటిసారి. కొన్నేళ్ళకి "దర్జీ కొట్టు దాకా." తర్వాత "మందుల షాపు దాటింది." ఈ రెక్కకు మాత్రం ఏమీ అనకుండా ఆవిణ్ణి వీధిలోకి తీసుకెళ్ళి, బడి దాటించి, బేకరీ మలుపు దగ్గర నిలబెట్టి, వెనక్కి తిప్పి ఇల్లు చూపించారు.

ఇప్పుడు అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఫొటో చూసింది. ఫోన్ బల్ల మీద పెట్టి, దాని పక్కన తన చెయ్యి పరిచింది.

ఆవిడ చిటికెన వేలు పుట్టుకతోనే పొట్టి. రెండు కణుపులే ఉన్నట్టుంటుంది. ఫొటోలో చిటికెన వేలు కూడా సగంలోనే ఆగిపోయింది.

"గ్లౌజు వేలి కొస వేలాడుతూ జిగురులో మునిగేది. అందుకని మడిచి కుట్టుకునేదాన్ని," అంది నెమ్మదిగా. "ఇది నా గ్లౌజే."

ముగ్గురూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు.

కుర్చీ ఖాళీగా ఉంది. టీ అలాగే ఉంది. గుమ్మం బయట ఆయన సైకిల్ లేదు.

* * *

"ఈ వయసులో ఇదేం బుద్ధి ఆయనకి!" మొగుడు చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఒక కాలికి తనది, ఒక కాలికి భార్యది వేసుకుని మళ్ళీ విప్పాడు.

"నేనూ వస్తాను," అంది అత్తగారు.

"మీకు పడదు కదా అత్తయ్యా!"

"ఎండిపోయిన రెజిన్ ఏమీ చెయ్యదని నువ్వే అన్నావుగా. మాస్కు ఇయ్యి. ఆయన్ని నేను నిలదీయాలి."

షెడ్డు తలుపు దగ్గర దాకా ఆవిడ తిట్టుకుంటూనే వచ్చింది. గడప దాటాక ఆగిపోయింది.

ఎంత వీధి నడిచి కొలుచుకున్నా, కళ్ళతో చూడ్డం వేరు. తెల్లగా, మెల్లగా వొంపు తిరుగుతూ, అతుకన్నది లేకుండా సాగిపోతూ, కప్పు కింద వెలుగునంతా తనే తాగినట్టు పడుకుని ఉందది. ఆవిడ తల పైకెత్తింది. ఎత్తుతూనే పోయింది. రెండు చేతులూ వాటంతటవే దగ్గరికొచ్చాయి.

"ఇదా?" అంది పసిపిల్లలా. "మనం చేతుల్తో మొదలుపెట్టింది... ఇంతయిందా?"

కోడలికి కళ్ళు చెమర్చాయి. రోజూ ఈ రెక్కలో తప్పులు వెతికే తను, ఈవిడ చూసినట్టు ఏనాడైనా చూసిందా?

మొదలు దగ్గర మామగారు నిలబడి ఉన్నారు. ఎదురుగా ఫ్యాక్టరీ హెడ్. ప్రతి పనికీ నిమిషాలు కడతాడని అందరూ ఆయన్ని 'స్టాప్‌వాచీ' అంటారు. ఆయన ముఖం మాడిపోయి ఉంది. "లోపల ఏదో ఉందంటున్నాడు మీ మామ. నిజమేనా?"

కోడలు ఫొటో చూపించింది. "నిజమే సార్. రిపోర్టు ఇప్పుడే రాస్తాను. బరువు పడే చోటు కాదు. కోసి తీసి అతుకు వెయ్యొచ్చు. కానీ రేపు వచ్చేవాళ్ళకి దాచకూడదు."

"ఎవరి పని?"

ఆమె ఫోన్ దించింది. పక్కనుంచి మొగుడు ముందుకొచ్చాడు. "నా షిఫ్టు సార్. బాధ్యత నాది. నువ్వు రాయి," అన్నాడు ఆమె వైపు తిరిగి. "ఇంట్లో అన్నదంతా మర్చిపో."

"గ్లౌజు నాదండీ," అంది అత్తగారు.

"ఇల్లంతా కలిసి పెట్టారేంటయ్యా!" స్టాప్‌వాచీ తల పట్టుకున్నాడు.

అత్తగారు మామగారి దగ్గరికి వెళ్ళింది. నిలదీయలేదు. ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది. "పెట్టేముందు నాతో ఒక్క మాట అనొద్దూ?"

మామగారు ఆవిణ్ణి చూసి, కోడల్ని చూసి, స్టాప్‌వాచీ వైపు తిరిగారు.

"పెట్టింది నేనే సార్. మావాడికి తెలీదు, షిఫ్టులో ఎవరికీ తెలీదు. పొరపాటున పడింది కాదు, కావాలనే పెట్టాను. ఈవిడ ఆసుపత్రికి పోయిన రోజు నుంచి ఆ గ్లౌజు నా పనిముట్ల పెట్టెలో ఉంది. రేటు తగ్గాలి, చేతులు తగ్గించాలి అన్నారు మీరు. తప్పని నేననను. రేటు తగ్గబట్టే ఇన్ని రెక్కలు సముద్రం మీద తిరుగుతున్నాయి, ఇన్ని ఇళ్ళల్లో దీపాలు వెలుగుతున్నాయి. చూస్తే నాకే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ మొదటి రెక్క పరిచిన చెయ్యి ఒక్కసారి కూడా వీటిని ముట్టుకోలేదే అనిపించింది. ఆఖరిదాంట్లో అయినా ఆ చెయ్యి ఉండనీ, అంత ఎత్తున గాలిలో తిరగనీ అనుకున్నాను. రెక్కకు దెబ్బ తగలని చోటు చూసుకున్నాననే అనుకున్నాను. అది తేల్చాల్సింది నేను కాదు, కోడలు. ఆ పిల్ల రాసింది రాసినట్టు ఉంచండి. నన్ను పంపేస్తే పంపేయండి. కాకపోతే కోసిన చోట అతుకు వెయ్యాలి కదా, దానికి మీ మెషీన్ పనికిరాదు, చేత్తోనే వెయ్యాలి. అది నన్ను వెయ్యనివ్వండి. వేసి, ఎండాక, ఒక్క నిమిషం... మీ గడియారం ఆపేసి, ఒక్క నిమిషం ఈవిణ్ణి దాని మీద చెయ్యి పెట్టనివ్వండి."