పెద్ద టీచరు, బొమ్మల టీచరు, మా అమ్మాయి

మావారికి ప్రతిదానికీ ఆధారం కావాలి. వర్షం వస్తోంది, దండెం మీద బట్టలు తీయండి అంటే, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, అరచెయ్యి తిప్పి చూసుకుని, "అవును, వస్తున్నట్టే ఉంది" అంటారు. ఈలోగా బట్టలు రెండోసారి ఉతికినంత పనవుతుంది. చరిత్ర లెక్చరర్ని చేసుకుంటే ఫుట్‌నోట్లతో కాపురం చెయ్యాల్సి వస్తుందని మా పుట్టింటివాళ్లు ఒక్క ముక్క ముందు చెప్పలేదు.

ఇంత జాగ్రత్త గల మనిషి, సొంత ఇంట్లో రెండేళ్లు నడిచిన ప్రేమకథను మాత్రం చూడలేదు. అది మా అమ్మాయి కథ. ఇందులో కొంత నేను కళ్లారా చూశాను, కొంత అది చెప్పింది, మిగిలింది ఊహించాను. మావారు చదివితే ఆ మూడో భాగం కొట్టేస్తారు.

రిటైరయ్యాక మావారికి ఒక పని వచ్చింది. ఊళ్లో ఆడపిల్లల స్కూలుకు వందేళ్లు నిండుతున్నాయి, దాని చరిత్ర రాసిపెట్టమన్నారు. స్కూలు పెట్టినావిణ్ణి అప్పట్లో అందరూ పెద్ద టీచరు అనేవారట. ఆవిడతో పాటు మొదటి రోజు నుంచీ పనిచేసిన డ్రాయింగ్ టీచరు బొమ్మల టీచరు. ఇద్దరి కాగితాలూ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆర్కైవ్స్ మూడో అంతస్తులో ఉంది. మావారి మోకాళ్లు మొదటి అంతస్తులోనే ఆగిపోతాయి. అందుకని కాలేజీలో లెక్కలు చెప్పే మా అమ్మాయి శనివారాలు వెళ్లి నోట్సు రాసుకొచ్చేట్టు ఒప్పందం కుదిరింది.

మొదటి శనివారం కుండపోత. నీళ్లోడుతున్న గొడుగుతో, చెవి మీద పెన్నుతో అది లోపలికి వెళ్లి, బల్ల మీదున్న ఉత్తరాన్ని అందుకోబోయింది.

"ముట్టుకోవద్దు!"

గాజు తలుపు వెనక నుంచి ఒకమ్మాయి వచ్చింది. మోచేతుల దాకా మడిచిన చొక్కా, వేళ్లకు ఎండిన మైదా జిగురు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. చిరిగిన పాత కాగితాలను అతికి బాగుచేయడం ఆ అమ్మాయి ఉద్యోగం.

"గొడుగు బయట. పెన్ను కూడా బయట."

"పెన్ను లేకుండా ఎలా రాసుకోవాలి?"

"పెన్సిల్‌తో."

"నా దగ్గర లేదు."

"అయితే గుర్తుపెట్టుకోండి."

మా అమ్మాయికి ఒళ్లు మండింది. "ఇంతకీ మీరు డాక్టరా, జైలరా?"

"అది పేషెంటు ఎంత అల్లరి చేస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది" అంది ఆ అమ్మాయి, ఉత్తరాన్ని చూపిస్తూ. కాని చూపు ఉత్తరం మీద లేదట. ఈ సంగతి మా అమ్మాయి నాకు నాలుగుసార్లు చెప్పింది.

ఇంటికొచ్చి అరగంట తిట్టింది. "పొగరమ్మా! అంత పొగరు! కళ్లు మాత్రం..." అని ఆగిపోయింది.

"కళ్లు మాత్రం?"

"ఏం లేదు. కళ్లజోడు బాగుంది."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ అమ్మాయి పేరు కాగితాల డాక్టరు.

శనివారం ఒక్కటీ చాలక బుధవారం కలిసింది, తరవాత శుక్రవారం కలిసింది. "ఇంకా ఎన్ని కాగితాలున్నాయే?" అని మావారు అడిగితే, "చాలా ఉన్నాయి నాన్నా, తవ్వేకొద్దీ వస్తున్నాయి" అనేది. మావారు పొంగిపోయేవారు. కూతురికి చరిత్ర మీద శ్రద్ధ కలిగిందని స్నేహితులకు ఫోన్లు చేసి చెప్పుకునేవారు.

ఒకరోజు డాక్టరు చిరిగిన రిజిస్టరు పేజీని అతుకుతూ మా అమ్మాయిని సాయం పట్టమంది.

"ఈ అంచు మీద వేలుంచండి. జిగురు ఆరేదాకా కదలకూడదు."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

వేలు పక్కన వేలు పెట్టి ఇద్దరూ కూర్చున్నారు. బయట వాన. కొంతసేపటికి మా అమ్మాయి అడిగింది, "ఆరిందంటారా?"

"ఎప్పుడో ఆరింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

'మీరు' అన్న మాట ఆ సాయంత్రమే ఊడిపోయిందని నా అంచనా.

నాకు తెలిసిన తీరు వేరు. ఒక ఆదివారం డాక్టర్ని టీకి తీసుకొచ్చింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద వచ్చారు, చెరో భుజమూ నానిపోయి ఉంది. మావారు తలుపు తీసి, "గొడుగు చిన్నదయినట్టుంది, పెద్దది కొనాలి" అన్నారు. మా అమ్మాయి సంచిలో రెండో గొడుగు మడత విప్పకుండా పొడిగా ఉంది. పొద్దున నేనే పెట్టాను.

ఆ తరవాత రెండు రోజులు నా వంటలో ఉప్పు నిలకడగా లేదు. మూడో రోజు అమ్మాయిని వంటింట్లో పట్టుకుని అడిగాను. "రెండో గొడుగు ఎందుకు తీయలేదే?"

అది చాలాసేపు గిన్నె తుడిచింది. గిన్నె అంతకు ముందే పొడిగా ఉంది.

"కోపమా అమ్మా?"

"తడిసి జలుబు తెచ్చుకుంటే రాదా?"

అది నా భుజం మీద తల పెట్టి నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. చీర మాత్రం తడిసింది.

"నాన్నకి నువ్వు చెప్పవా అమ్మా?"

"నువ్వే చెప్పు. నేను చెబితే పేజీ నంబరు అడుగుతారు."

చెబుతాను చెబుతాను అంటూనే రెండేళ్లు గడిపింది. ప్రతి ఆదివారం డాక్టరు వచ్చేది. మావారు ఆ అమ్మాయితో పాత కాగితం, పాత సిరా గురించి గంటలు మాట్లాడేవారు. ఎవరైనా వస్తే, "మా అమ్మాయి ఫ్రెండు, చాలా తెలివైన పిల్ల" అని పరిచయం చేసేవారు. డాక్టరు నవ్వేది. రానురాను ఆ నవ్వు ఆలస్యంగా రావడం నేను గమనించాను.

ఇంతలో పుస్తకం చివరి అధ్యాయానికి వచ్చింది. మావారి చేతిరాత ప్రపంచంలో నాకొక్కదానికే అర్థమవుతుంది కాబట్టి టైపు చేసేది నేనే. ఒక పేజీలో ఇలా ఉంది: "పెద్ద టీచరు అవివాహితగా, ఒంటరిగా జీవితం గడిపారు. బొమ్మల టీచరు ఆమెకు మంచి స్నేహితురాలు. తోడుగా ఉంటుందని ముప్పై ఒక్క సంవత్సరాలు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు."

"ఇద్దరు కలిసి ఒంటరిగా ఎలా ఉంటారండీ?" అన్నాను.

"నువ్వు టైపు చెయ్యవోయ్."

చేశాను. చేసి, ఆదివారం టీ బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టాను.

మా అమ్మాయి చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. "నాన్నా, మన ఊరి వకీలుగారి మీద నువ్వు ఇదివరకు రాసిన పుస్తకంలో ఆయన ఒకావిడకి ఒక్క ఉత్తరం రాశాడని 'గాఢమైన ప్రేమ' అంటూ పన్నెండు పేజీలు రాశావు. వీళ్లు ముప్పై ఒక్క ఏళ్లు కలిసి ఉంటే మంచి స్నేహితులా?"

"అది వేరమ్మా. ఆయన ఆవిణ్ణి పెళ్లి చేసుకోవాలనుకున్నాడు."

"అని ఎక్కడ రాశాడు?"

"రాయక్కర్లేదు, అర్థమవుతూనే ఉంది."

"ఇక్కడ అర్థం కావడం లేదా?"

"ఆ కాలంలో ఆడవాళ్లు ఒకరికొకరు అలా ప్రేమగానే రాసుకునేవారు. మన కళ్లతో వాళ్లని చూడకూడదు. అయినా అంత గొప్ప మనుషులు. పోయాక వాళ్లకి మచ్చ తెస్తామా?"

డాక్టరు కప్పు కింద పెట్టింది. సగం టీ అలాగే ఉంది. "బస్సుకి టైమైంది సార్" అంటూ లేచింది.

మెట్ల దగ్గర మాటలు వంటింటి కిటికీకి వినబడతాయి. అది నా తప్పు కాదు, ఇల్లు కట్టినవాడిది.

"పోయినవాళ్లనే ఆయన ఒప్పుకోలేకపోతున్నారు" అంది డాక్టరు. "బతికున్న నన్నేం ఒప్పుకుంటారు?"

"నాకు కొంచెం టైమివ్వు."

"టైముదేముంది, ఎంతైనా ఇస్తాను. ఈ ఇంటికి మాత్రం రాను. నీ ఫ్రెండుగా టీ తాగడం ఇక నా వల్ల కాదు. మనం పోయాక మన గురించీ ఎవరో ఇలాగే రాస్తారు. బతికుండగానే రాయించుకోవడమెందుకు?"

మూడు ఆదివారాలు రాలేదు. మా అమ్మాయి అన్నం మెతుకులు లెక్కపెట్టుకుంటూ తినేది. నాన్న ఎదురుపడితే నోరు తెరిచి, పుస్తకం సంగతి ఏదో అడిగి మూసేసేది. "నోరు పెగలడం లేదమ్మా" అంది నాతో. "ఆ మచ్చ అన్న మాట నా మొహం మీదే అంటే ఏం చెయ్యను?" పుస్తకం నెలాఖరుకి ప్రెస్సుకి వెళ్లాలి.

నాలుగో వారం డాక్టరు ఫోను చేసింది. హలో కూడా అనలేదట. "స్కూలు గ్రూప్ ఫొటో ఫ్రేము విప్పాను. ఫొటోకీ అట్టకీ మధ్య నాలుగు ఉత్తరాలున్నాయి. పెద్ద టీచరు రాసినవి. కాపీలు పంపిస్తున్నాను. నీకు కాదు, సార్‌కి."

మా అమ్మాయి కాపీలు చదివి కళ్లు తుడుచుకుని, నేరుగా నాన్న గదివైపు బయల్దేరింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు. పేర్లు చూశారంటే చూపు మారిపోతుంది. ముందు నన్ను టైపు చెయ్యనీ."

ఒక ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు టైపు చేశాను. పైనున్న పేరూ కిందున్న పేరూ మాత్రం వదిలేశాను. తరవాత డాక్టరుకి ఫోను చేశాను.

"ఆంటీ, నేను రానని..."

"ఫ్రెండుగా రావద్దులే. ఊరికే రా."

ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. మా అమ్మాయికి ఎదురుగా, దూరంగా కూర్చుంది. మావారు కళ్లజోడు సర్దుకుని కాగితం అందుకున్నారు.

"ఎవరిది?"

"తెలియాలనే ఇస్తున్నాను. మీరు నిపుణులు కదా" అన్నాను.

ఆ మాట పనిచేసింది. పైకి చదవడం మొదలుపెట్టారు.

"నువ్వు వెళ్లి పదకొండు రోజులు. మంచం మీద నీ వైపు నేను పడుకోవడం లేదు. నీ పుస్తకాలు పరిచాను. తెల్లారుతూ చెయ్యి చాపితే అట్టలు చల్లగా తగులుతున్నాయి. మీ అన్నయ్య ఇంకో వారం ఉండమన్నాడని రాశావు. ఉండు. నేను నవ్వుతూ ఒప్పుకున్నానని మాత్రం అనుకోకు. తల సరిగా ఆరబెట్టుకోవు కదా, అక్కడ ఎవరు తుడుస్తున్నారు? ముసలివాళ్లమయ్యాక ఎవరు ముందు పోవాలన్న గొడవ మళ్లీ ఎత్తకు. నేనే ముందు. నువ్వు లేని ఇంట్లో దీపం పెట్టడం నాకు చేతకాదు."

చివరి వాక్యాన్ని మావారు రెండోసారి చదివారు. కాగితాన్ని మెల్లగా బల్ల మీద పెట్టారు.

"భార్యాభర్తలు" అన్నారు. "సందేహమే లేదు. పెళ్లయి పదేళ్లయినా అయ్యుంటుంది. కొత్త దంపతులైతే తల తుడవడం గురించి రాయరు. ఎంత అన్యోన్యం! దీనికి వేరే ఆధారం అక్కర్లేదు. ఎక్కడిదిది?"

"పెద్ద టీచరు రాసింది నాన్నా. బొమ్మల టీచరుకి" అంది మా అమ్మాయి.

మావారు కాగితం తిప్పి వెనకవైపు చూశారు.

"అయితే... అంటే... ఆ కాలంలో స్నేహాలు..."

"పదేళ్ల కాపురం అన్నావు, ఇప్పుడే."

"అప్పుడు ఎవరు రాశారో తెలియదు కదే!"

అని, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయారు. కాగితం తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

అరగంట గడిచింది. డాక్టరు లేచింది. "వెళ్తాను ఆంటీ. ఆయన్ని ఇబ్బంది పెట్టాం."

"కూర్చో" అంది మా అమ్మాయి. అంత గట్టిగా అది మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వెళ్లి గది తలుపు కొట్టింది. మావారు తీశారు.

"నాన్నా, పుస్తకం నీ ఇష్టం, ఎలాగైనా రాసుకో. నేను చెప్పాల్సింది వేరే ఉంది. పెద్ద టీచరుకి బొమ్మల టీచరు ఏమవుతుందో, నాకు ఈ అమ్మాయి అదే అవుతుంది. రెండేళ్లుగా. ఫ్రెండని ఇంకెవరికీ చెప్పకు." చేత్తో తలుపు పట్టుకునే ఉంది. "నీకు మచ్చగా అనిపిస్తే ఇప్పుడే చెప్పెయ్."

మావారు దాని వంక చూశారు, డాక్టరు వంక చూశారు, చివరికి నా వంక చూశారు.

"నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాను.

"ఎప్పటినుంచి?"

"మీరు అడగలేదు కాబట్టి తేదీ రాసిపెట్టుకోలేదు."

ఆయన వచ్చి డాక్టరు పక్క కుర్చీలో కూర్చున్నారు. మా అమ్మాయి తలుపు దగ్గరే నిలబడిపోయింది. మావారు చేతుల్లోని కాగితం అంచులు సరిచేశారు.

"ఆ రోజు నువ్వు సగం టీ వదిలేసి లేచావు" అన్నారు డాక్టరుతో. "నిజంగా బస్సుకే అనుకున్నాను."

"బస్సు ఇంకో గంటకి సార్."

"ఊఁ." మళ్లీ కాగితం సరిచేశారు. గొంతు సవరించుకున్నారు. "కొత్తగా లభ్యమైన ఆధారాలను పునఃపరిశీలించిన మీదట, గ్రంథకర్త తన పూర్వ అభిప్రాయాన్ని..."

"నాన్నా!"

"మామూలు మాటల్లో చెప్పండి" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసేశారు. అది లేకపోతే ఆ మొహం అమాయకంగా ఉంటుంది. ఒక చెయ్యి కూతురి వైపు చాపారు. అది వచ్చి పట్టుకుంది. రెండో చేత్తో డాక్టరు జిగురు చేతిని పట్టుకున్నారు.

"తప్పు రాశాను" అన్నారు. "ఇంట్లో ఉన్నదాన్ని చూడకపోవడం ఇంకా తప్పు. మచ్చ అన్నాను చూడు, అది అన్నిటికన్నా పెద్ద తప్పు. తప్పు నాదేనమ్మా."