పన్నెండో డబ్బా

తుమ్మాను. అంతే. దానికి కెరెన్ పాట మొత్తం ఆపేసింది.

"కో ఎలీజా, చేతిలో తుమ్మి, ఆ చేత్తోనే పాటల పుస్తకం పక్కోళ్ళకి ఇచ్చేస్తావేటి? రుమాలు లేదా?"

ఉంది. జేబులోనే ఉంది. తీయలేదు. మామూలుగా నన్ను ఉత్త ఎలీజా అనే పిలుస్తుంది. బర్మా వాళ్ళలా ముందు 'కో' తగిలించిందంటే అది మర్యాద కాదు, కోపం.

"తుమ్ముకి కూడా పర్మిషన్ కావాలా? రోడ్డు మీద సైన్యం, ఇక్కడ నువ్వు" అన్నాను.

అది ఎనభై ఎనిమిది డిసెంబరు. ఆగస్టులో రంగూన్ అంతా వీధుల్లోకి వచ్చింది. సెప్టెంబరులో సైన్యం తుపాకులతో అందర్నీ ఇళ్ళలోకి తోసేసింది. నా కాలేజీ మూసేశారు. ఐదుగురు ఒకచోట చేరినా నేరం. లమ్మడా పేటలో మా తెలుగు చర్చికి మాత్రం క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకని పగలు రెండు గంటలు అనుమతి దొరికింది. నాకు ఊళ్ళో అందరి మీదా మంటగానే ఉండేది. ఆ మంట వెళ్ళగక్కడానికి దొరికింది కెరెన్ ఒక్కతే.

నది అవతల దలా నుంచి పడవలో వచ్చి మా పన్నెండు మందికీ పాట నేర్పేది. పాటకంటే రూల్సే ఎక్కువ. రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కళ్ళూ ముక్కూ నలపకూడదు. చలిగాలి కొట్టినా కిటికీలు తెరిచే ఉండాలి. జ్వరం తగిలినవాళ్ళు గడప దాటి రాకూడదు.

ఆమె మీద నాకున్నది కోపం ఒక్కటే అయితే ఏ గొడవా లేదు. క్రిస్మస్‌కి మౌల్మేన్ నుంచి రైల్వే గుమస్తా ఒకడు ఆమెని చూడ్డానికి వస్తున్నాడట. ఆలోగా నా మనసులో మాట చెప్పాలి. మూడు వారాలుగా నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

మర్నాడు వరండాలో మంచినీళ్ళ కుండ మీద గ్లాసు లేదు. ఈ ఊళ్ళో ఏ వీధిలోనైనా కుండకి ఒకటే గ్లాసు, దారినపోయేవాళ్ళంతా దాంతోనే తాగుతారు. కెరెన్ దాన్ని తీసేసి, ఖాళీ పాలడబ్బాలు వరసగా పెట్టింది. ఒక్కోదాని మీద గోళ్ళరంగుతో ఒక్కో పేరు.

నా పేరు కోసం రెండుసార్లు వెతికాను. పదకొండే ఉన్నాయి. నాది లేదు.

అడిగేద్దామని వంటగది వైపు వెళ్ళాను. లోపల ఆమె పిన్ని సిల్వియా అంటోంది, "మరి ఎలీజా సంగతేటే?"

"ఎలీజాకి పడదు పిన్నీ" అంది కెరెన్.

మా ఇంట్లో తెలుగు మాట్లాడేది నాన్నమ్మ ఒక్కతే. ఆవిడ నోట 'పడదు' అనే మాట వచ్చేది ఎదురింటి సన్యాసమ్మ గురించే. "దానికీ నాకూ పడదు" అంటుంది. ఇరవై ఏళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. నాకు తెలిసిన 'పడదు' అదొక్కటే. ఒళ్ళు మండిపోయింది.

కెరెన్ బయటికి రాగానే పాటల పుస్తకం ఆమె చేతిలో పడేశాను. "రేపట్నుంచి నేను రాను. మీ మౌల్మేన్ గుమస్తాకి పాట వచ్చేమో కనుక్కో."

"ఏటయింది నీకు?"

"నీకూ నాకూ పడదు కదా. డబ్బా మీద పేరు రాయడానికి కూడా చెయ్యి రాలేదు కదా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. గిర్రున లోపలికి వెళ్ళి, తువ్వాలు చుట్టిన ఫ్లాస్క్ తెచ్చి నా ముందు ఠక్కున పెట్టింది. దాని మీద గోళ్ళరంగుతో నా పేరు ఉంది.

"చలవ పడదన్నాను, చలవ! కుండనీళ్ళు తాగితే మర్నాటికి నీ గొంతు పోద్ది. పోయిన క్రిస్మస్‌కి కప్పలా పాడినావు, మర్చిపోనావేటి? తెల్లారగట్ట లేచి అల్లం వేసి కాచి, పడవలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. నీకు డబ్బా ఎందుకు?"

సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు ఇంకా కోపం వస్తుంది. "జలుబుకే ఇంత గొడవా? జలుబుతో ఎవరైనా చస్తారా?"

"చావరేటి? ఇప్పుడు మందులు దొరుకుతున్నాయా?" ఫ్లాస్క్ నా వైపు తోసింది. "ఆగస్టులో మా పౌలన్న ఊరేగింపుకెళ్ళినాడు. వచ్చి అన్నం తింటానన్నాడు. రానేదు. తుపాకీ గుండుకి నేను అడ్డం పెట్టడానికేటీ నేకపోయింది. తుమ్ముకి రుమాలు అడ్డం పెట్టొచ్చు. నాకు మిగిలింది ఈ పన్నెండు మంది. ఒక్కరు తగ్గినా నేనూరుకోను."

కోపంతోనే ఏడ్చింది. తన రూలు తనే మర్చిపోయి కళ్ళు చేత్తో నలుపుకోబోయింది. నేను జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాను.

"కెరెన్. నువ్వు నాకు పడతావు."

"ఏటీ?"

"పడదు అంటే గిట్టదనేగా. నువ్వు నాకు గిట్టవని కాదు. అందుకని పడతావు. ఆ గుమస్తాని రావద్దను."

ముక్కు తుడుచుకుంటూ నవ్వేసింది. "అలా అనరు, తింగరోడా."

"మరేటంటారు?"

వంటగది కిటికీలోంచి పిన్ని గొంతు వచ్చింది. "మౌల్మేన్‌కి ఉత్తరం నేను రాస్తాను గానీ, రెండు గంటలూ మీరిద్దరే తినేత్తన్నారు. లోపలికి రండి."

కెరెన్ ఫ్లాస్క్ మూత తీసి, వేడినీళ్ళు పోయబోయి ఆగింది.

"ఏటంటారో పెళ్ళయ్యాక నేర్పుతాను. ముందు చేతులు కడుక్కో."