మూడో షెడ్డులో లోడరు

సర్కారు వర్క్‌షాపులో మూడో షెడ్డు పేరెత్తితే చాలు, గేర్‌బాక్సులు ఒంటిచేత్తో దొర్లించే వస్తాదులు కూడా మాట మార్చేస్తారు. అక్కడ, ముందున్న పెద్ద ఇనుప బకెట్టుతో మట్టి ఎత్తే లోడరు బండి ఒకటి తుప్పు పట్టి ఉంది. యార్డులో ప్రతి చక్రాన్నీ పలకరించే కుక్క కూడా దాని దగ్గర మాత్రం కాలెత్తదు.

నమ్మరా? నేనూ నమ్మలేదు. ఇదంతా మా మేనత్త చెప్పింది. అత్త అక్కడే మెకానిక్కు. బుల్డోజరు కింద దూరమంటే దూరుతుంది గానీ బొద్దింక కనబడితే బల్లెక్కుతుంది. ఆ మాట అంటే పానా విసురుతుంది, కాబట్టి మీరు అనకండి.

అత్తకి పని నేర్పింది చెవి మేస్త్రి. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేసేవాడు. ఆయన మొదటి పాఠం ఒకటే...

"ఎత్తిన బకెట్టుని నమ్మకండి. దాని చేతుల కింద దుంగ పెట్టండి. పెట్టినవాడే తియ్యాలి — ఇంకెవడూ ముట్టుకోకూడదు."

అలాంటి మనిషే ఆ లోడరు బకెట్టు కింద నలిగిపోయాడు. దుంగ చూస్తే గోడకి ఆనించి ఉంది. "దుంగ పెట్టకుండా దూరాడు, తప్పు అతనిదే" అని ఫోర్‌మన్ విచారణలో రాసిచ్చాడు. అప్పట్నుంచి కొత్తవాళ్ళకి మేస్త్రి పేరే చెప్పేవారు — పని ఎలా చెయ్యకూడదో నేర్పడానికి.

"ఆయన దుంగ మరిచాడంటే, సూర్యుడు డ్యూటీకి రాలేదన్నట్టేరా," అంటుంది అత్త. కానీ సాక్ష్యమేదీ?

లోడరు ఇంజను విప్పి తీసుకుపోయారు. ఆ తర్వాతే మొదలైంది.

అందరూ వెళ్ళాక షెడ్లకి తాళాలు వేసేది ఫోర్‌మనే. ఓ రోజు చీకటి పడుతుండగా మూడో షెడ్డు ముందుకొచ్చేసరికి—

టక్... టక్... టక్.

అరిగిన బేరింగు చప్పుడు. ఇంజనే లేని బండిలోంచి!

తాళం అక్కడే పారేసి పరుగో పరుగు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ... పదకొండో రోజుకి మనిషి సగమయ్యాడు.

కానీ ఎంతైనా మెకానిక్కు ప్రాణం కదా! ముప్పై ఏళ్ళ అలవాటు — ఇనుము మోగితే ఎక్కడో తేల్చుకోకుండా కాలు కదలదు. మెల్లగా లోపలికెళ్ళాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. మొన లోడరు చేతికి ఆనించాడు. పిడి... చెవికి.

చప్పుడు ఆగిపోయింది.

ఇనుము లోపల ఎవరిదో ఊపిరి వినబడింది. ఆ వెంటనే, బాగా తెలిసిన గొంతు... గుసగుసగా...

"సారూ... నా దుంగ జీపు చక్రం కింద ఎందుకుంది?"

పొద్దున్నే ఫోర్‌మన్ పెద్దాఫీసరు బల్ల ముందు నిలబడి, విన్నదంతా చెప్పి, నిజం రాసిచ్చాడు. ఆ రోజు మేస్త్రి బోల్టు కోసం స్టోరుకెళ్ళాడు. బయట వాలులో జీపు జారుతుంటే, అడ్డు పెట్టడానికి దుంగ తీసింది ఫోర్‌మనే. చూసినవాళ్ళు లేరు. చెప్పడం మరిచాడు. మేస్త్రి వచ్చి, తను పెట్టిన దుంగ ఉందనే ధీమాతో దూరాడు. బకెట్టు దిగిపోయాక ఫోర్‌మన్ దుంగ తెచ్చి గోడకి ఆనించి, నోరు మూసుకున్నాడు.

మేస్త్రి మీద పడ్డ మచ్చ చెరిగింది. ఫోర్‌మన్ ఉద్యోగం ఊడింది. ఇప్పటికీ ఆ చెవిలో దూది పెట్టుకునే తిరుగుతాడట — తీస్తే మేస్త్రి మళ్ళీ దుంగ అడుగుతాడని.

ఇదంతా విన్నాక నేను ఊరుకుంటానా?

"అత్తా, బండి కింద గుంతలో దాక్కుని పానాతో కొట్టింది నువ్వేగా? నీ మొహంలో ఆ దెయ్యం కళ ఎప్పుడూ ఉండేదేలే!"

"నేనేరా," అంది, తడుముకోకుండా. "పదకొండు రోజులూ నేనే. వాడి కంటికి కునుకు లేకుండా చేద్దామని."

"గొంతు కూడా భలే మార్చావే! నాటకాల్లో చేరరాదూ?"

పానా విసురుతుందేమోనని తల వంచాను. విసరలేదు.

"ఆయన పోయిన చోటు కదరా... ఏడుపు బయటికి రాకుండా నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చున్నాను. మాట్లాడే వీలేదీ?"

నా నవ్వు సగంలో ఆగింది.

"పైగా," అంది అత్త, గొంతు తగ్గించి, "జీపు సంగతి... వాడు కాగితం మీద రాసేదాకా నాకూ తెలియదు."