ఈల వేస్తే పలికే సాక్షులు

“నీకు ఎలుకలంటే భయమా?”

ఉడికించిన పల్లీలు ఒలుచుకుంటూ అడిగింది మిసెస్ హార్గెట్. నార్త్ కరోలైనా హైవే పక్కన ఆ బార్బెక్యూ షెడ్డులో ఎవరు చూసినా ఆమెను మనవడికి స్వెటర్ అల్లే ముసలావిడ అనుకుంటారు. నిజానికి ఆమె ప్రభుత్వ రహస్య విభాగానికి చీఫ్.

“పాములకన్నా నయమే మేడమ్,” అన్నాడు ఏజెంట్ క్లేటన్ మీక్స్.

“అయితే విను. సోఫాల్లో స్పాంజి అతికించే జిగురొకటి వచ్చింది. డెల్వాక్స్. విదేశీ ముఠా సరుకు. దాని ఆవిరి పీలిస్తే కాన్సర్ వస్తుందా అని ఇక్కడి ల్యాబ్‌లో ఎలుకల మీద పరీక్ష. రెండేళ్లు పడుతుంది. వేరే దేశాల్లో ఈ ముఠా పరీక్షల్నే తారుమారు చేసింది. ఇక్కడ అలా జరక్కూడదు. రేపట్నుంచి నువ్వు ఆ ఎలుకలకి కాపరివి.”

క్లేటన్ చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగింది. “మా అక్క నాడీన్ ఫ్యాక్టరీలో పూసేది ఆ జిగురే మేడమ్.”

“తెలుసు. ఆమెకి ఒక్క ముక్క చెప్పావా, ముఠా సర్దుకుని పారిపోతుంది. జిగురు మాత్రం ఇంకో పేరుతో అమ్ముడవుతుంది. పరీక్ష పూర్తయితేనే దాన్ని ఆపగలం. ప్రమాణం చెయ్.”

చేశాడు. ఆమె ఎలుకలకు నీళ్లు పెట్టే సీసా ఒకటి చేతికిచ్చింది. మూతలో కెమెరా ఉంది. “ఫ్లాష్ జాగ్రత్త. కళ్లు బైర్లు కమ్ముతాయి. లోపల మన మనిషి ఒకరున్నారు. ‘పల్లీలు ఉడికాయా?’ అంటే ‘ఉప్పు తక్కువైంది’ అనాలి.”

ఆ మనిషి డాక్టర్ ఒడిల్ వెర్హేగెన్. బెల్జియం నుంచి వచ్చిన పాథాలజిస్టు. తెల్ల కోటు కింద ఎర్ర సిల్కు స్కార్ఫ్, నవ్వితే కాపలావాడు గేటు తెరవడం మరిచిపోయేంత అందం. కోడ్ వాక్యానికి సరిగ్గా బదులు చెప్పింది. క్లేటన్ నమ్మాడు. నమ్మడమే కాదు, కాస్త మనసు కూడా పారేసుకున్నాడు.

తెల్ల ఎలుకలు, ఎర్ర కళ్లు, గుర్తుకోసం చెవులకు గాట్లు. రోజూ అద్దాల పెట్టెల్లో జిగురు ఆవిరి పీల్చి, సాయంత్రానికి బోనులకు తిరిగి వచ్చేవి. తిండి ఒక్క గింజ ఎక్కువ పెట్టినా పరీక్ష పాడవుతుంది. పెట్టడానికి ఏమీ లేనివాడు ఈల వేశాడు. నీళ్లు మార్చేటప్పుడల్లా చర్చి పాట ఒకటి ఈల వేస్తే అవన్నీ వెనక కాళ్ల మీద లేచి ముందుకొచ్చేవి. చర్చి పెద్దలా గంభీరంగా ఉందని ఒకదానికి డీకన్ అని పేరు పెట్టాడు. పేర్లు పెట్టకూడదని రూలు.

రెండో ఏడు డీకన్ మెడ కింద గడ్డ తేలింది. తర్వాత ఒకదాని తర్వాత ఒకటిగా మిగతావాటికీ. క్లేటన్ ఫోటోలు తీసి హార్గెట్‌కు పంపాడు. “ఇవి చాలవు,” అని కబురొచ్చింది. “కోసి, కణజాలం చూసి చెప్పిందే సాక్ష్యం. ఆగు.”

నెలలు గడిచాయి. పరీక్ష ముగియడానికి ముందురోజు, ఆదివారం, చర్చి నుంచి అక్క ఇంటికి వెళ్లాడు. నాడీన్ మొక్కజొన్న రొట్టె కోస్తూ దగ్గుతోంది. చేతుల నిండా అదే తియ్యటి జిగురు వాసన.

“ఆ పని మానెయ్యక్కా.”

“మానేసి? నువ్వు పోషిస్తావా? ఎలుకలకి పాకీపని చేసుకునేవాడివి.”

“ఏదో ఒకటి చేద్దాం.”

“ఎందుకు మానాలో చెప్పరా ముందు. ఎప్పుడడిగినా బెల్లం కొట్టిన రాయిలా ఉంటావ్.”

గొంతు దాకా వచ్చిన మాటను రొట్టెతో పాటు మింగేశాడు. ఆ రొట్టె అతనికి ఏ రుచీ అనిపించలేదు.

సోమవారం పొద్దున. పరీక్ష ముగిసే రోజు. ఎలుకలన్నిటినీ చంపి, కోసి చూసే రోజు. క్లేటన్ గదిలోకి వెళ్లి ఈల అందుకున్నాడు.

ఒక్కటీ లేవలేదు. అన్నీ బోను మూలలకు నక్కాయి.

చెవుల గాట్లు అవే. ఎర్ర కళ్లు అవే. మెడల కింద మాత్రం ఏ గడ్డా లేదు. నిన్న అక్క దగ్గరికి వెళ్లి రమ్మని గది తాళం తీసుకున్నది ఒడిల్. ఆదివారం ఆ ఊళ్లో పిల్లి కూడా పనికి రాదు.

అసలువి ఎక్కడున్నాయి? కాల్చేసి ఉండాలి. కానీ ల్యాబ్ చెత్త కాల్చే బట్టీని ఆదివారం వెలిగించలేరు. పొగ లేచిందంటే చర్చి మెట్ల మీంచి ఊరంతా చూసి ఫోన్లు చేస్తుంది. వెలిగించేది సోమవారమే.

హార్గెట్‌కు కబురు పంపి, మెట్లు దూకి కిందికి పరుగెత్తాడు. బట్టీ అప్పటికే గుర్రుమంటోంది. ఎలుకల కింద పరిచి తీసేసిన చెక్కపొట్టు నింపిన అట్టపెట్టెలు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. ఏ పెట్టె? రొప్పుతూనే ఈల వేశాడు.

బట్టీ నోటి దగ్గరున్న పెట్టెల్లోంచి, అట్టను గోళ్లతో గీరుతున్న చప్పుడు వచ్చింది.

“భలే నేర్పావే,” అంది ఒడిల్ వెనకనుంచి. చేతిలో చిన్న పిస్తోలు.

“ఎవరి మనిషివి నువ్వు?”

“ఇద్దరి జీతమూ తీసుకుంటున్నా. వాళ్లది ఎక్కువ. పక్కకి జరుగు క్లేటన్. ఎలాగూ ఇవాళ చచ్చేవే కదా.”

“చచ్చేవే. చెప్పాల్సింది చెప్పి చస్తాయి.”

ఆమె పెట్టెను కాలితో మంటలోకి తోయబోయింది. క్లేటన్ సీసా మూత నొక్కాడు. ఫ్లాష్‌కు చీకటి గది తెల్లబడింది. ఆమె పేల్చిన గుండు పైకప్పుకు తగిలింది. అట్ట అంచు అంటుకున్న పెట్టెను అతను చేతులు కాల్చుకుంటూ వెనక్కి లాగాడు. హార్గెట్ మనుషులు వచ్చేసరికి ఒడిల్ ఇంకా కళ్లు నులుముకుంటూనే ఉంది.

డీకన్‌ను, ఎలుకల్ని చంపే గ్యాసు పెట్టె దగ్గరికి తీసుకెళ్లింది క్లేటనే. వేరేవాళ్ల చేతికివ్వబుద్ధి కాలేదు. అది గింజుకోలేదు. కాలిన అరచేతిలో వెచ్చగా కూర్చుంది. ఈల వేద్దామనుకున్నాడు. పెదవులు సహకరించలేదు. మంటల్లోంచి కాపాడి తెచ్చింది ఇందుకా అని ఏడుపొచ్చింది. ఏడ్చాడు.

జిగురు ఆగిపోయింది. ముఠా దొరికింది. నాడీన్ ఊపిరితిత్తుల్లోనూ గడ్డ దొరికింది.

ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన నీళ్ల గ్లాసు మారుస్తూ తెలియకుండానే ఈల వేశాడు క్లేటన్. నాడీన్ దిండు మీంచి తలెత్తింది. అతను చప్పున ఆపేశాడు.

ఆమె పేపరు మడిచి పక్కన పెట్టింది. “ఎవడో కాపరి ఆ ఎలుకల్ని మంటల్లోంచి లాగాడటరా. పేరు వెయ్యలేదు. పుణ్యాత్ముడు.”

“ఊఁ.”

“గడ్డలు కిందటేడే కనపడ్డాయట వాడికి.” కాసేపు అతని చేతి కట్టు వైపే చూసింది. “పాపం, వాడికి అక్క లేనట్టుంది. ఉంటే చెప్పేవాడు.”

ఆ ఏడాది రహస్యం కాపాడినందుకిచ్చే పతకం క్లేటన్ మీక్స్‌కు వచ్చింది. వచ్చిందన్న సంగతి ఎవరికీ చెప్పకూడదట.